చంకలో చెప్పులు

ఒక పేట ఉండేది. ఆ పేటవాళ్ళు ఊరందరికీ చెప్పులు కుట్టేవాళ్ళు. ఊరి వీధిలోకి అడుగుపెట్టేముందు మాత్రం తమ చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి. ఎండ నెత్తిన మండుతున్నా సరే, నేల పెనంలా కాలుతున్నా సరే. దాన్ని ఊరు మర్యాద అనేది.

ఆ పేటకు ఒక పుస్తకం పట్టుకుని దూరదేశీయుడొకడు వచ్చాడు. పేటలోని ముసలాయన ఒక జత చెప్పులు కుట్టి ఆయనకిచ్చాడు. ఇద్దరూ కలిసి ఊళ్ళోకి బయల్దేరారు. వీధి మొదట్లో ముసలాయన ఆగి తన చెప్పులు విప్పాడు.

"మీరేసుకోవచ్చు దొరగారూ. మేమే విప్పాల."

దూరదేశీయుడు వంగి తన చెప్పులూ విప్పాడు. వాటిని చంకలో పెట్టుకుని ముసలాయన పక్కనే నడిచాడు. ఊరు కడుపుబ్బ నవ్వింది. ఆయన అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మర్నాడూ అలాగే నడిచాడు, ఆ మర్నాడూ అలాగే నడిచాడు. నవ్వీ నవ్వీ ఊరికి విసుగొచ్చింది, ఆ తర్వాత సిగ్గేసింది. ఏడేళ్ళకు ఒక పొద్దున పేట మొత్తం చెప్పులేసుకుని ఆ వీధిలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. ఊళ్ళో ఒక్కరూ అడ్డు చెప్పలేదు. అలాంటి మనిషిని మరిచిపోవడం ఎవరి తరం?

ఆయన ఒకచోట కూర్చునే రకం కాదు. ఆ చెప్పులతోనే చుట్టూ ఉన్న పల్లెలు తిరిగాడు. జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చున్నాడు, పిల్లలకు అక్షరాలు దిద్దించాడు, పుస్తకం చదివి వినిపించాడు. చివరికి ఆయనే జ్వరంతో పోయాడు. పుస్తకం పేటలోనే పుట్టిన ఒకడి చేతికి వచ్చింది. పేటను ప్రార్థనలో నడిపించే అతన్ని అందరూ కాపరి అన్నారు.

చెప్పులు మాత్రం ముసలాయన ఎవరికీ ఇవ్వలేదు. ప్రార్థన గదిలో బల్లమీద పెట్టి, రోజూ నూనె రాసి మెత్తగా ఉంచేవాడు. ఏడాది తిరిగేసరికి పేటవాళ్ళంతా, దొరగారి గుర్తుగా ఇక చెప్పులు తొడిగేదే లేదని ఒట్టేసుకున్నారు. ఎవరి జత వాళ్ళు చంకలో పెట్టుకు తిరిగారు. ఊరు బలవంతాన చేయించిన పనినే ఇప్పుడు ప్రేమతో చేస్తున్నారు. ప్రేమే, కాదనను. కానీ ముళ్ళదారిలో ఉత్తికాళ్ళతో ఎంత దూరమని పోతారు? పేట దాటి పల్లెలకు వెళ్ళేవాళ్ళే లేకుండా పోయారు.

ఒకరోజు కొండపల్లె నుంచి ఒకామె ఏడుస్తూ వచ్చింది.

"మా పల్లెంతా జ్వరాలయ్యా. నా కూతురు కళ్ళు తెరవట్లా. దగ్గరికొచ్చే మనిషే లేడు."

కాపరి అప్పటికప్పుడు బయల్దేరాడు. సగం దారి కూడా పోకముందే తుమ్మముళ్ళు దిగి, కుంటుకుంటూ వెనక్కొచ్చాడు. ఒట్టు పక్కనపెట్టి తన చెప్పులు తొడగబోయాడు. నూనె తగలక, చంకలో ఉండీ ఉండీ అవి ఎండి బిగుసుకుపోయి, వేళ్ళు దూర్చగానే పటుక్కున తెగాయి. ఇంకెవరివి తీసుకున్నా అంతే. కాపరి ప్రార్థన గదిలోకి వెళ్ళి, బల్లమీది చెప్పులు తీసి తొడుక్కున్నాడు.

ముసలాయన కేకేశాడు. "అయ్యి దొరగారియ్యిరా!"

"అవును తాతా. ఆయనైతే ఈపాటికి కొండెక్కేవాడు."

కాపరి ఆమెతో వెళ్ళిపోయాడు. ముసలాయన మూడు రోజులు అన్నం ముట్టలేదు.

నలభై రోజుల తర్వాత కాపరి తిరిగొచ్చాడు. వెంట కొండపల్లె జనం ఉన్నారు. అతని కాళ్ళకు ఏమీ లేవు.

"చెప్పులేయిరా?" అన్నాడు ముసలాయన.

"అరిగిపోయినయి తాతా. ఆ పల్లె నుంచి ఇంకో పల్లెకు పిలిచారు. అక్కణ్ణుంచి ఇంకోదానికి. రాళ్ళలో అడుగులూడిపోయినయి."

ముసలాయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. కొండపల్లె ఆమె తన కూతురి చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది.

"ఇదిగో తాతా, నా బిడ్డ బతికింది. మీ దొరెవరో మాకు తెలవదు. ఆ చెప్పులు నువ్వు కుట్టినియ్యంట కదా! నీకు దండం."

ముసలాయన ఆ పిల్ల తల నిమిరాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారాయి. లేచి లోపలికెళ్ళి కొత్త తోలు తెచ్చి నేలమీద పరిచాడు.

"కాలు పెట్టరా," అన్నాడు కాపరితో. బొగ్గుముక్కతో ఆ పాదం చుట్టూ గీత గీశాడు. "ఇంకా ఏ పల్లెలు పిలిచాయి?"

కాపరి వాటి పేర్లు చెబుతుంటే పేటలోంచి ఒక్కొక్కరే వచ్చి తోలుమీద కాలు పెట్టారు. పొద్దు వాలేసరికి పదకొండు జతల గీతలు పడ్డాయి. తోలు చివర కొంచెం మిగిలింది. ముసలాయన బొగ్గుముక్క కాపరి చేతికిచ్చి, తన కాలు అక్కడ ఆనించాడు.

"గీయరా నాయనా."