ఖాళీ పల్లకీ బరువు

పిల్లలూ, ఈ కథ మీరెవరూ వినలేదు. ఇంత దూరాన పెరిగారు మీరు. చిన్నప్పుడు చెప్పి ఉంటే పల్లకీ అంటే ఏమిటో చెప్పేలోపే నిద్రపోయేవారు. ఇప్పుడు మీరు ఉద్యోగాల్లో ఉన్నారు. "కొందరిని తీసేస్తారట, ఎవరినో ఇంకా చెప్పలేదు" అన్న మాట మొన్న మీ నోటనే విన్నాను. ఆ మాట అన్నాక మీరు ఫోను పెట్టేసిన తీరు నాకు నచ్చలేదు. అందుకని ఇక ఆలస్యం చేయకుండా చెబుతున్నాను. విన్నది విన్నట్టే చెబుతాను. నాకు అర్థం కానిచోట అర్థమైనట్టు సర్దిచెప్పను.

అచ్యుతయ్యగారని ఒక గురువు ఉండేవారు. కోట ఉన్న ఊరికి కోసెడు దూరంలో, కొండ దిగువన మగ్గం నేసుకుని బతికేవారు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు. నేత ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని, "పద, చూసొద్దాం" అనేవారు. ఎక్కడికో, ఏం చూడడానికో చెప్పేవారు కాదు. అలా వెంట నడిచి నడిచి, అడిగిందేమిటో మరిచిపోయి ఇళ్ళకు తిరిగొచ్చిన శిష్యులూ ఉన్నారట.

ఆ శిష్యుల్లో ఒకడు జోగారావు. కోటలో పల్లకీలూ, వాటిని మోసే బోయీలూ ఉండే సవారీఖానాకు పెద్ద గుమస్తా. ఒకరోజు పొద్దున్నే వచ్చి, మగ్గం గుంట దగ్గర చతికిలబడ్డాడు. అడిగాడు:

"గురువుగారూ, తగలని దెబ్బకు ఒళ్ళు కమిలిపోతుందా?"

"ఎవరి ఒళ్ళు నాయనా?"

"మా బోయీలది. నేను ఒక్కడినీ తీసెయ్యలేదు. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. జీతం ఒక్క నెలైనా ఆగలేదు. అయినా మనుషులు కరిగిపోతున్నారు. నటిస్తున్నారేమో అనుకున్నాను. నటనకు ఎముకలు బయటపడతాయా?"

సంగతి ఇదీ. ఏడాదిన్నర కిందట రాజావారు మోటారుకారు కొన్నారు. ఇక పల్లకీకి పదహారుమంది బోయీలు అక్కర్లేదు, పదిమంది చాలు, మిగతా ఆరుగురు ఎవరన్నది నువ్వే తేల్చు అని దివాణం నుంచి జోగారావుకు ఉత్తర్వు వచ్చింది. అతను ఆ రోజే సవారీఖానా గోడకు కాగితం అంటించాడు: "బోయీలలో కొందరిని తీసివేయడమవుతుంది. పేర్లు త్వరలో తెలియజేయబడును." ఆ రోజే ఇంట్లో కూర్చుని ఆరు పేర్లూ రాశాడు. వయసు మళ్ళిన, పల్లకీకి ముందు నడిచే బోయీ తవుడు పేరు అన్నిటికన్నా పైన రాశాడు. ఆ కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. అది జరిగి పద్నాలుగు నెలలు.

జోగారావు చెడ్డవాడు కాడు. పండగ వెళ్ళనీ, అప్పుడు చెబుదాం అనుకున్నాడు. పండగ వెళ్ళాక వానలు తగ్గనీ అనుకున్నాడు. వానలు తగ్గాక తవుడి కూతురు పురిటికొచ్చింది, ఆ బాలింత ఇంట్లో ఏడుపెందుకు అనుకున్నాడు. ప్రతి వాయిదా అతనికి దయలాగే కనిపించింది. "ఎవరి నోటి దగ్గర కూడూ లాగలేదు" అనుకుంటూ సుఖంగానే నిద్రపోయేవాడు.

బోయీల వాడలో మాత్రం వింత మార్పులు మొదలయ్యాయి. పేర్లు తెలియజేస్తామని కాగితంలో ఉంది కదా, దాంతో పేరు వినబడితేనే గుండె జారిపోయేది. ముందు మగవాళ్ళు ఒకరినొకరు పేరెట్టి పిలుచుకోవడం మానేశారు. తర్వాత పెళ్ళాలు మానేశారు. కొన్నాళ్ళకు ఆ వాడలో మనుషుల పేర్లే వినబడకుండా పోయాయి. ఎవరిని పిలవాలన్నా చప్పట్లు కొట్టడమో, గోడమీద తట్టడమో. ఎవరైనా బంధువు వచ్చి వీధిలోంచి పేరు పెట్టి పిలిస్తే ఇళ్ళన్నీ ఒక్కసారిగా తలుపులు మూసుకునేవి.

"గుమస్తా బాబు ఇయాల నా కాళ్ళకేసి సూసేడ్రా" అని ఒకడు కూడు మానేసేవాడు. "నాకేసి సూడనే నేదు, నా పని అయిపోనాది" అని ఇంకొకడు మానేసేవాడు.

వారం కిందట తవుడి పెళ్ళాం బంగారి జోగారావు గుమ్మంలోకే వచ్చి నిలబడింది. "తీసెయ్యరు, ఉంచరు. ఏటి బాబూ ఇది? ఉట్టిమీద కుండనాగ ఏలాడదీసేరు. మా ఓడు ఈ నెల్లో రెండుమాట్లు పడిపోనాడు. నానే పేరెట్టి పిలిస్తే గోడకంటుకుపోతన్నాడు. మావు మడుసులం కావేటి?" అంది. జోగారావు ఆమెకు కాసిని మంచి మాటలు చెప్పి పంపాడు. చెయ్యి మాత్రం కోటు మీదికి పోయింది. అప్పటినుంచే అతనికీ నిద్ర సరిగా పట్టడం లేదు.

ఇదంతా గురువుగారికి చెప్పాడు. జేబులోని కాగితం సంగతి తప్ప.

గురువుగారు నేత ఆపారు. "పద, చూసొద్దాం" అన్నారు.

కోట పడమటి గోడ పక్కన సన్నని మట్టిదారి ఉంది. రాత్రి కురిసిన వానకు నేల మెత్తబడి ఉంది. ఇద్దరూ ఆ దారిన నడుస్తూ మలుపు దగ్గరికి వచ్చారో లేదో, చప్పుడు లేకుండా పల్లకీ ఎదురొచ్చింది.

పల్లకీ ఎప్పుడూ చప్పుడు లేకుండా రాదు. పెట్టె అడ్డం కాబట్టి వెనక బోయీలకు దారి కనబడదు. అందుకని ముందు బోయీ కంటబడినదల్లా పాటలా పలుకుతాడు: "రాయుందో!" అంటే వెనకవాళ్ళు "సూసుకో!" అంటారు. "గొయ్యుందో!" అంటే "దాటుకో!" అంటారు. వీధి చివర పల్లకీ ఉండగానే ఊరందరికీ తెలిసిపోతుంది. లోపల మనిషి లేనప్పుడు మాత్రం పాట పాడకూడదని వాళ్ళ ఆచారం.

ఖాళీగా కూర్చున్నవాడి పేరే ముందు చదువుతారని తవుడికి ఎందుకో తోచింది. కాగితం అంటించిన కొత్తలో, మొయ్యకపోతే పల్లకీ మోతకర్ర, అదే బొంగు, బిగుసుకుపోతుందన్న వంకతో మరో ముగ్గురిని కలుపుకుని ఖాళీ పల్లకీ ఎత్తి కోట చుట్టూ తిప్పుకొచ్చాడు. మర్నాడు మిగతావాళ్ళూ తోడయ్యారు. ఎవరూ మొయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు. రోజూ పొద్దున్న, రోజూ సాయంత్రం. మొదట నలుగురు మోశారు. మూడో నెలకు ఆరుగురు కావలసివచ్చారు. ఇప్పుడు ఎనిమిదిమంది మోస్తుంటే, మరో ఎనిమిదిమంది భుజం మార్చడానికి పక్కనే నడుస్తున్నారు. తెరలు దించి ఉన్నాయి. మనుషుల మెడనరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి. పాదాలు చీలమండదాకా బురదలో దిగబడుతున్నాయి.

గురువుగారు దారికి అడ్డంగా నిలబడ్డారు. "ఎవరిని మోస్తున్నారు నాయనా?"

తవుడు తలెత్తలేదు. "కాలీయేనండి గురువుగోరూ."

"ఖాళీ అయితే ఇంతమందెందుకు?"

"నలుగురికి లెగట్లేదండి."

వెనక బొంగు పట్టుకున్న గెడ్డయ్య గొంతు తగ్గించి అన్నాడు: "నెమ్మదిగా మాటాడండి బాబూ. ఇంటాది."

దింపమన్నారు గురువుగారు. నిండు నెలల మనిషిని పడుకోబెట్టినంత జాగ్రత్తగా దింపారు. తవుడు తెరకేసి ఒకసారి చేతులు జోడించి, వీపు చూపకుండా వెనక్కి జరిగాడు. జోగారావుకు ఒళ్ళు మండింది. "ఏమిటర్రా ఈ వేషాలు!" అంటూ వెళ్ళి తెర లాగాడు.

లోపల ఎవరూ లేరు. పరుపు ఒక్కటే ఉంది. ఆ పరుపు నడిమధ్య, ఎవరో చాలాకాలంగా కూర్చున్నట్టు గుంటపడి ఉంది. జోగారావు ఆ గుంటమీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు. వెచ్చగా ఉంది. ఎందుకు వెచ్చగా ఉందో నాకు చెప్పినవాళ్ళూ చెప్పలేకపోయారు.

అచ్యుతయ్యగారు పుట్టి బుద్ధెరిగాక బండి ఎక్కి ఎరగరు. మనిషి భుజమెక్కడం సరే సరి. రాజావారు పిలిచినా ఎండలో నడిచే వెళ్ళిన మనిషి. అలాంటి ఆయన పాదాల బురద తువ్వాలుతో తుడుచుకుని, వంగి, పల్లకీలోకి వెళ్ళి, సరిగ్గా ఆ గుంటలోనే కూర్చున్నారు.

"లేపండి. నలుగురు చాలు."

తవుడు చేతులు అడ్డం పెట్టాడు. "గురువుగోరూ, అందులో…"

"అందులో నేనున్నాను. నా పేరు అచ్యుతయ్య. లేపండి."

నలుగురు పట్టారు. అలవాటైన బరువుకు తగ్గ ఊపుతో ఎత్తేసరికి పల్లకీ గాలిలోకి ఎగిరింది. లోపల గురువుగారి తల పైకప్పుకు ఠంగున తగిలింది. "నెమ్మది, నెమ్మది! నేను నేతవాణ్ణి, దూదిబస్తాని కాను" అన్న మాట తెరలోంచి వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు. వాళ్ళలో నవ్వన్నది వినబడి ఎన్నాళ్ళయిందో.

తవుడు నవ్వలేదు. బొంగు కింద అలాగే నిలబడి, భుజం ఒకసారి పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాడు. "తేలిగ్గుందిరా" అన్నాడు. అంటూండగానే అతని కళ్ళు నిండిపోయాయి. "మడిసెక్కితే తేలిగ్గుందిరా!"

నాలుగడుగులు వేశారు. అతనికి తెలియకుండానే గొంతు లేచింది. "రాయుందో!"

 వెనకనుంచి గెడ్డయ్య గొంతు: "సూసుకో!"

పక్కనే ఉన్న బోయీల వాడలో తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు చేతిపనులు వదిలి గోడ వారగా పరుగెత్తుకొచ్చారు.

జోగారావు కదలకుండా నేలకేసి చూస్తున్నాడు. ఇందాక ఎనిమిదిమంది ఖాళీ పల్లకీతో వచ్చిన అడుగులు లోతుగా, నీళ్ళు నిండి ఉన్నాయి. ఇప్పుడు నలుగురు మనిషిని మోసుకెళుతున్న అడుగులు పక్కనే, పిట్ట నడిచినట్టు పైపైన పడి ఉన్నాయి. అతను వాటినీ వీటినీ చాలాసేపు చూశాడు. తర్వాత కోటు జేబులో చెయ్యి పెట్టాడు.

కాగితం మడతల దగ్గర చిరిగి ముక్కలుగా వచ్చింది. అతనికి ముక్కలతో పనిలేదు. ఆ పేర్లు నోటికి వచ్చు.

"ఆగండి" అన్నాడు. పల్లకీ ఆగింది. దింపించాడు.  "ఆరుగురిని తీసేశాం. తవుడు…"

వాడవాళ్ళంతా ఆ మాటకు బిగుసుకుపోయారు. తవుడు మాత్రం ఉలిక్కిపడలేదు. "ఆఁ. ఇంకా?" అన్నాడు, మామూలుగా.

మిగతా అయిదు పేర్లూ చెప్పాడు. చివరిది గెడ్డయ్య పేరు. ఆడవాళ్ళ ఏడుపు ఒక్కపెట్టున లేచింది. గెడ్డయ్య నేరుగా జోగారావు మొహంలో మొహం పెట్టాడు.

"ఎప్పుడు రాసేవు బాబూ ఇది?"

"కాగితం అంటించిన రోజే."

"పద్నాలుగు నెల్లు జేబులో ఎట్టుకు తిరిగేవా! నారమిల్లులో పనుంది రమ్మని మా బావమరిది పిలిచేడు. నా పేరుంటాదో ఉండదో అని ఆగేను. ఆ పని ఎవుడికో అయిపోనాది. ఆనాడే సెప్పుంటే నాను బతికిపోదును కదా!" ఇంకా చాలా మాటలన్నాడు. అవి చెప్పను. జోగారావు పక్కకు జరగకుండా అన్నీ విన్నాడు.

గొడవ కాస్త తగ్గాక మిగిలినవాళ్ళలోంచి ఒకడు చేతులు నలుపుకుంటూ ముందుకొచ్చాడు. "మా పేర్లు కూడా సెప్పీండి బాబూ. ఉన్నామని."

జోగారావు ఆ పది పేర్లూ ఒక్కొక్కటే, అందరికీ వినబడేలా చెప్పాడు. ప్రతివాడూ తన పేరు విని తల ఊపాడు, ఎన్నాళ్ళకో ఊరినుంచి ఉత్తరం వచ్చినట్టు.

తవుడు అప్పటికే గోడనీడన తలపాగా చుట్టి తలకింద పెట్టుకుని పడుకున్నాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే నిద్రపోయాడు. బంగారి ఏడుస్తూనే వచ్చి, పక్కన కూర్చుని, భయంభయంగా "తవుడూ" అని పిలిచింది. అతను కళ్ళు తెరవకుండానే "ఊఁ" అన్నాడు.

గురువుగారు పల్లకీ దిగి, తల తడుముకుంటూ, అప్పుడే కొండ దారి పట్టారు. జోగారావు వెనకనుంచి వడివడిగా వెళ్ళి కలుసుకున్నాడు. 

"గురువుగారూ, ఇన్నాళ్ళూ ఆ పల్లకీలో కూర్చున్నదెవరు?"

అచ్యుతయ్యగారు వెనక్కి తిరగలేదు.

"నువ్వు దిగావు కదా. ఇక నడు."

పిల్లలూ, నేను విన్నది ఇంతవరకే. మీరూ ఇంతవరకే చెప్పండి. కానీ చెప్పండి. భయపడుతున్నవాళ్ళకే కాదు, కాగితం ఎవరి జేబులో ఉందో వాళ్ళకు కూడా.