పప్పు లేని అన్నం

ఎస్తేరు మేడంని ఎవరైనా ప్రశ్న అడిగితే జరిగేవి రెండే. జవాబు పుస్తకంలో ఉన్నదైతే మాట్లాడకుండా అల్మారా వైపు వేలు చూపిస్తారు. పుస్తకంలో లేనిదైతే, "అన్నం తిని వెళ్లు" అంటారు. మట్టిలో బతికే సూక్ష్మజీవుల మీద జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. కాలేజీ వాళ్లు కప్పిన సన్మానం శాలువాలను మట్టి నమూనాల సంచుల కింద పరిచేశారు. అనంతపురం దాటాక, ఎర్రనేలల నడుమ, రేకుల ఇంట్లో ఒక్కరే ఉంటారు. ఆ ఇంట్లో భోంచేసిన శిష్యులు చాలామందే ఉన్నారు. తిన్నరోజు మాత్రం తమకేమీ అర్థం కాలేదని వాళ్లే చెబుతుంటారు.

ఆమె శిష్యురాలు హంసవేణి ఆ గడప తొక్కింది మిట్టమధ్యాహ్నం. ఒంటరిగా రాలేదు. ఓబులమ్మ వెనకే వచ్చింది, దారి పొడుగునా తిడుతూ. ఆ తిట్లు ఊరికే పుట్టలేదు. ఓబులమ్మా, ఆమె గుంపు ఆడవాళ్లూ కలిసి ఒక చేను కౌలుకు పట్టారు. చవుడు కాదు గానీ, సారం లేని ఎర్రనేల. అలాంటి నేలలో కర్బనం పెంచడమే హంసవేణి పరిశోధన. "మట్టిలో కంటికి కనబడని ప్రాణులున్నాయక్కా, వాటికి మనం తిండి పెడితే అవి మన పైరుకు పెడతాయి" అని ఆ పిల్ల వాళ్లను ఒప్పించింది. నూనె మిల్లు వెనక గుట్టలుగా పడివున్న వేరుశనగ పొట్టు తోలించింది. తొందరగా మట్టిలో కలిసిపోవాలని మరపట్టించి మరీ చేనంతా పోయించింది. పొట్టు నిండా కర్బనమే. సరిపోయినంత పోసి ఊరుకుందా? లేదు. రేపు మట్టి పరీక్షలో కర్బనం అంకె ఘనంగా రావాలని ఇంకా పోయించింది. చదువుకున్నవాళ్ల ఆశ కూటి మీద ఉండదు, అంకె మీద ఉంటుంది.

కొర్ర మొలిచింది. జానెడు లేచిందో లేదో, చేను మొత్తం పాలిపోయి పసుపురంగుకు తిరిగింది.

ఎందుకో హంసవేణికి తెలుసు. ఆ ప్రాణులు పొట్టు మీద పడి తిన్నాయి, పిల్లాపాపలతో పెరిగాయి. ఒళ్లు కట్టుకోవడానికి వాటికి నత్రజని కావాలి. పొట్టులో అది అంతంతమాత్రం. అందుకని మట్టిలో పైరు కోసం ఉన్న కాస్తా లాగేసుకున్నాయి. పుస్తకాల్లో దీనికొక మర్యాదైన పేరుంది. హంసవేణి చేనిగట్టు మీద నిలబడి ఆ పేరు చెబితే ఓబులమ్మ పగలబడి నవ్వింది.

"దొంగతనానికి అంత సక్కని పేరు పెట్టినారా పాపా! నీ పురుగులు కడుపునిండా తిన్యాయి, సరే. మా కొర్ర సూడు, కామెర్లొచ్చిన పసిబిడ్డ మాదిరి ఉండాది. రేప్పొద్దున గుంటక తోలి దున్నేస్తాం. ఉలవలన్నా సల్లుకుంటాం. నువ్వు మళ్ల మా సేను దిక్కు రావాకు."

గుంటక తిరిగిందంటే ఆ ఆడవాళ్లకు ఈ ఏటి కొర్ర పోయినట్టే. మట్టిలో ప్రాణముందని ఆ ఊళ్లో ఇంకెవరు చెప్పినా వినే చెవి ఉండదు. దున్నేముందు ఒక్కమాట వినమని హంసవేణి బతిమాలింది. "మా మేడం దగ్గరికి వెళ్దాం రా అక్కా" అంది. అలా వచ్చారు.

వచ్చీ రాగానే హంసవేణి నిలబడే పొట్టు సంగతంతా చెప్పి అడిగింది. "మేడం, తీసుకున్నది అవి తిరిగి ఇస్తాయా? ఎప్పుడిస్తాయి?"

ఎస్తేరు మేడం వేలు అల్మారా వైపు సగం లేచి, మళ్లీ ఒళ్లోకి దిగింది.

"ఇద్దరూ కాళ్లు కడుక్కుని రండి. అన్నం తిందురు."

ఆ ఇంట్లో తింటున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. ఉన్న నియమం అదొక్కటే. మేడం ఓబులమ్మ కంచంలో ఆమె తినగలిగినంత అన్నం పెట్టి, పక్కన గిన్నెనిండా చింతచిగురు పప్పు పెట్టారు. హంసవేణి కంచంలో అన్నం కుప్పగా పోశారు. పప్పు తెస్తారేమోనని ఆ పిల్ల చూసింది. మేడం వచ్చి ఆ కుప్ప మీద ఇంకో గరిటెడు అన్నమే వేసి, వెళ్లి గడప మీద కూర్చున్నారు.

పెద్దావిడ, మరిచిపోయారనుకుంది హంసవేణి. అడగడానికి లేదు. వట్టి అన్నమే ముద్ద చేసి తినసాగింది. పొద్దుటి నుంచీ ఎండలో తిరిగిన ఒళ్లు. రేకుల సందులోంచి వెలుగు సన్నటి కడ్డీలా దిగి గచ్చు మీద నిలబడింది. ఆ వెలుగులో ధూళి మెల్లగా తేలుతోంది, ఎక్కడికీ పోవాలని లేనట్టు. అన్నం మొదట తియ్యగా ఉంది. తర్వాత ఏ రుచీ లేదు. ఆమె కళ్లు మూతలు పడుతూ తెరుచుకుంటున్నాయి. కంచం అంచులు ఎక్కడో దూరంగా జరిగిపోయాయి. చుట్టూ తెలుపు, ఎంత తిన్నా తరగని తెలుపు. పైన ఆకాశం లేదు, మన్నుంది. అటూ ఇటూ తనలాంటివే లెక్కలేనన్ని నోళ్లు, చప్పుడు చేయకుండా నములుతున్నాయి. వాన లోపలికి ఇంకుతున్నప్పటి చప్పుడు ఎక్కడో పైన. కడుపు నిండుతోంది, ఆకలి పోవడం లేదు. ఈ తెలుపులో లేనిదేదో కావాలి. దాని పేరు గుర్తుకు రావడం లేదు, వాసన మాత్రం వస్తోంది, పుల్లగా, కమ్మగా, కుడిపక్క నుంచి. పక్కకు జరిగితే అందుతుంది. ఎవరిదో తెలియదు. ఎవరిదైతేనేం, ఆ మన్నులో ఎవరిదీ అని రాసిపెట్టి లేదు.

"ఓసి నీ సిగదరగా!"

హంసవేణి ఉలిక్కిపడి చూసింది. తన చెయ్యి ఓబులమ్మ గిన్నెలో మణికట్టు దాకా ఉంది. వేళ్ల నిండా పప్పు.

నియమం ఎటు పోయిందో పోయింది. ఓబులమ్మ గిన్నె వెనక్కి లాక్కుని నోరు విప్పింది. "మా సేన్లో పడి తిన్నది సాలక నా గిన్నెలో గూడా పడితివా! అడిగింటే పెట్టనా నేను?"

"ఆకలేసిందక్కా." హంసవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అంత కుప్ప ముందర పెట్టుకొని ఆకలేంది, కరువులో పుట్టినట్ల?"

గడప మీది నుంచి ఎస్తేరు మేడం అడిగారు. "దాన్ని దొంగంటావా ఓబులమ్మా?"

ఓబులమ్మ ఆ పిల్ల కంచం చూసింది. కొండలా వట్టి అన్నం. ఆ పక్కన పసుపు కారుతున్న చెయ్యి. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే ఉండి, మాట మారింది.

"దొంగేముంది మేడమ్మా, మీరేమనుకున్నా సరే. వడ్డించినోళ్లకు బుద్ధుండాల."

ఎస్తేరు మేడం ఏమీ అనుకోలేదు. తల తిప్పి హంసవేణి వైపు చూశారు, అంతే. ఓబులమ్మ కూడా అటే చూసింది. ఆ రెండు చూపుల నడుమ హంసవేణికి తాను పొట్టు పోయించిన చేను కనబడింది. వడ్డించింది ఎవరో, ఏం వడ్డించారో కనబడింది. ఇన్నాళ్లూ ఆ ప్రాణుల మీదికి నెట్టిన నేరం నడుచుకుంటూ వచ్చి ఆమె కంచం ముందు కూర్చుంది.

"కాయలో గింజ మనం తిన్నాం," అన్నారు మేడం. "పొట్టు వాటికి పోశావు."

హంసవేణి తల వంచుకుని ఆ కాయను మనసులోనే ఒలిచి చూసింది. గింజలోని నూనె మిల్లులో పోతుంది. నూనె పిండగా మిగిలేది చెక్క. పప్పులో లాగే ఆ చెక్క నిండా నత్రజనే. తల ఎత్తింది.

"అక్కా, మీ గేదెలకు చెనక్కాయ చెక్క పెడతారు కదా. ఇంట్లో ఉందా?"

"ఉంటే?"

"చేనికి పెడదాం. అటు వాటికీ సరిపోవాలి, ఇటు కొర్రకూ మిగలాలి."

"బాగుంది సంబడం! నా గేదెల నోటికాడిది తీసి నీ పురుగులకు పెట్టల్లా?" ఓబులమ్మ కంచంలో మిగిలిన ముద్దలు గబగబా తినేసింది. తిని, గిన్నెలో మిగిలిన పప్పునంతా హంసవేణి అన్నం మీద ఒంపింది. వేళ్లు నాకుతూ అడిగింది. "పొడిసేసి సల్లాల్నా, నానబెట్టి పొయ్యాల్నా?"

"నానబెట్టి, సాళ్లలో పోద్దాం. మరి గుంటక?"

"గుంటక యాడికి పోతాది, మూలన ఉంటాది. ముందు తిను."

హంసవేణి తిన్నది. మెతుకు వదల్లేదు. చేతులు కడుక్కున్నాక ఓబులమ్మ బయట చెప్పులు తొడుక్కుంటుంటే, హంసవేణి మళ్లీ గడప దగ్గర ఆగింది. ఎండ వాలుతోంది. ఎదురుగా నేల ఏమీ ఎరగనట్టు ఎర్రగా పడుకుని ఉంది.

"మేడం, నేనడిగింది మీరు చెప్పనేలేదు. తీసుకున్నది అవి ఎప్పుడు తిరిగిస్తాయి?"

ఎస్తేరు మేడం ఆ పిల్లను కింది నుంచి పైదాకా తాపీగా చూశారు.

"ఓబులమ్మ పప్పు ఇప్పుడు నీ ఒంట్లో ఉంది. ఎప్పుడిస్తావో నువ్వు చెప్పు."