గుబురన్న దొర్లించిన హద్దురాళ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవి తూర్పు అంచున ఒక తెల్లని సున్నపురాతి కొండ. ఇప్పుడు మీరు వెళ్లి చూస్తే సగమే కనిపిస్తుంది. నేను చెప్పబోయేది అది నిండుగా ఉన్న రోజుల సంగతి.

ఆ రోజులు ఎంత బాగుండేవనుకున్నారు! కొండ నిండా గుహలే. వాన కురిస్తే నీళ్లు ఊరికే జారిపోయేవి కావు. రాతి సందుల్లోకి ఇంకి, మెల్లమెల్లగా దిగి, కొండ అడుగున బుగ్గై ఉబికేవి. ఎండాకాలంలో వాగులన్నీ ఎండినా ఆ బుగ్గ ఎండేది కాదు. గుహలో నేలకు చెవి ఆనిస్తే లోపల నీళ్లు నడిచే చప్పుడు వినిపించేది. ఎలుగుబంటి పిల్లలు ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవి.

అది సర్కారు కాపాడే అడవి. అక్కడ వేటాడకూడదు, చెట్టు కొట్టకూడదు, రాయి తీయకూడదు. చుట్టూ తెల్లరంగు పూసిన హద్దురాళ్లు పాతి ఉండేవి. వాటిని దాటి ఏ లారీ లోపలికి వచ్చేది కాదు.

కొండకు పడమటివైపు గుహలో గుబురన్న అనే ఎలుగుబంటి, పెళ్లాం పిల్లలతో ఉండేవాడు. మంచివాడే. కానీ తీపి అంటే ప్రాణం పెట్టేవాడు. తూర్పువైపు పెద్ద గుహలో వందలాది గబ్బిలాలు ఉండేవి. వాటికి పెద్ద చీకటమ్మ. గుబురన్నను పసివాడిగా ఉన్నప్పటి నుంచీ ఎరుగును. అతను ఆమెను "అత్తా" అని పిలిచేవాడు.

ఒక ఏడాది వడగాలికి పూలన్నీ మాడిపోయాయి. ఎక్కడా తేనెపట్టు లేదు. పిల్లలు "నాన్నా, తేనె!" అని ఒకటే మారాం. సరిగ్గా అప్పుడే ఒక రాళ్ల కాంట్రాక్టరు అడవి అంచుకు వచ్చాడు. అతని చేతిలో పెద్ద బెల్లం దిమ్మ.

"గుబురన్నా, ఈ మూడు హద్దురాళ్లను కాస్త లోపలికి దొర్లించవూ? నేను ముట్టుకుంటే నేరం. నువ్వు దొర్లిస్తే అడిగేవాడెవడు?" అన్నాడు.

"ఎంత లోపలికి?"

"నలభై అడుగులు. అంత కొండలో ఓ మూల. రాయిని తింటావా, తాగుతావా? నీకెందుకు అది?"

నిజమే కదా అనిపించింది గుబురన్నకు. మూడు రాళ్లనూ పెకలించి లోపలికి దొర్లించాడు. ఆ రోజు పిల్లలు బెల్లం చప్పరిస్తుంటే చూసి మురిసిపోయాడు.

మర్నాడు ఢామ్మని పేలుడు. కొండ అంతా అదిరింది. తూర్పు గుహ కప్పు పట్టుకుని వేలాడుతున్న గబ్బిలం పిల్లలు జలజలా రాలాయి. చీకటమ్మ ఎగురుకుంటూ వచ్చింది.

"ఏం చేశావురా నాయనా? హద్దురాళ్ల మీద నీ గోళ్ల గాట్లు చూశాను. అది ఉత్త రాయి కాదు. మనం తాగే నీళ్లు దాని కడుపులోనే ఉన్నాయి!"

"ఓ మూలే కదత్తా," అన్నాడు గుబురన్న, తల వంచుకుని.

నెల తిరక్కుండానే కాంట్రాక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి రెండు దిమ్మలు. గుబురన్న కాసేపు తటపటాయించాడు. చివరికి రాళ్లు దొర్లించాడు. ఆ సాయంత్రమే గబ్బిలాలన్నీ ఒక్కసారిగా గుహలోంచి లేచాయి. ఆకాశం నల్లబడింది. వాటితో వెళ్లిన చీకటమ్మ మళ్లీ తిరిగి రాలేదు.

గబ్బిలాలు పోయాక పురుగులు పెరిగాయి. ఆకులన్నీ జల్లెడలయ్యాయి. మిగిలిన ఆకుల మీద తెల్లదుమ్ము. అవి తిన్న కణుజు జింకలు రోజంతా దగ్గేవి.

మూడోసారి కాంట్రాక్టరు ఒట్టి చేతులతో వచ్చాడు.

"ఇక నేను చెయ్యను," అన్నాడు గుబురన్న.

కాంట్రాక్టరు నవ్వాడు. "చెయ్యవా? సరే. ముందు రెండుసార్లు రాళ్లు జరిపిందెవరో అడవికంతా చెప్పమంటావా?"

గుబురన్నకు పిల్లల ముఖాలు గుర్తొచ్చాయి. రాళ్లను కొండ నడుముకు ఎక్కించాడు.

వారం రోజుల పేలుళ్ల తర్వాత ఒక పొద్దున బుగ్గలో నీళ్లు లేవు. బురద ఉంది. రెండోనాటికి బురదా లేదు. జంతువులన్నీ అక్కడ గుమిగూడాయి. ఒక దుప్పి పిల్ల పొడి ఇసుకను నాకుతోంది.

"ఈ ఏడు ఎండలు మరీ ఎక్కువ," అంది ఒక నెమలి.

"నా తాత నాటి నుంచీ ఎండలున్నాయి. బుగ్గ ఏనాడూ ఎండలేదు," అంది ముసలి కణుజు.

గుబురన్న ఇక ఉండబట్టలేకపోయాడు. ముందుకొచ్చి అన్నాడు: "ఎండ తప్పు కాదు. నా తప్పు. హద్దురాళ్లు జరిపింది నేనే. మొదట బెల్లం కోసం, తర్వాత భయపడి."

అతని పిల్లలు అతని వైపే చూస్తున్నారు. ఆ చూపు అతనికి పేలుడు కన్నా గట్టిగా తగిలింది.

గుబురన్న తిన్నగా కొండెక్కాడు. మొదటి రాయిని పెకలించి, పగిలిన రాళ్ల గుట్టల మీదుగా కిందికి తోయసాగాడు. అరికాళ్లు చీరుకుపోయాయి. లారీల వాళ్లు హడలి పక్కకు తప్పుకున్నారు. కాంట్రాక్టరు పరుగున వచ్చాడు.

"ఎన్ని దిమ్మలు కావాలో అడుగు, ఇస్తాను!"

గుబురన్న అతని వైపు తలైనా తిప్పలేదు. రెండో రాయి దగ్గర అలసి కూలబడితే ముసలి కణుజు వచ్చి కొమ్ములు ఆనించింది. మూడో రాయిని అడవి పందులు కూడా తోశాయి. మూడు రోజుల్లో మూడు రాళ్లూ తమ పాత గుంటల్లో నిలబడ్డాయి.

బుగ్గ ఎండితే కొండ కింది ఊళ్లో వాగూ ఎండింది. ఊరివాళ్లు మొరపెట్టుకుంటే అడవి అధికారులు వచ్చారు.

"మా తవ్వకం హద్దు బయటే జరుగుతోందండీ," అన్నాడు కాంట్రాక్టరు.

అధికారి హద్దురాయి పక్కన నిలబడి లోపలికి చెయ్యి చూపించాడు. అంత పెద్ద గొయ్యీ రాయికి లోపలే ఉంది. ఆ వారంలోనే యంత్రాలన్నీ వెళ్లిపోయాయి.

రెండు వానాకాలాలు గడిచాక బుగ్గలో నీళ్లు వచ్చాయి. కానీ ఎంత? వేలెడంత ధార. జంతువులు వరసలో నిలబడి తాగాల్సి వచ్చేది. పడమటి గుహలో నేలకు చెవి ఆనిస్తే ఏ చప్పుడూ లేదు.

గుబురన్న ముసలివాడయ్యాడు. సాయంత్రాలు ఆ గోతి అంచున కూర్చుని, మనవలకు నిండుకొండ కబుర్లు చెప్పేవాడు. గబ్బిలాలు మబ్బులా లేచే సాయంత్రాల గురించి చెప్పేవాడు. ఎండాకాలంలో పొట్ట నిండా తాగి నీళ్లలోనే పడుకున్న రోజుల గురించి చెప్పేవాడు.

ఒకనాడు చిన్న మనవరాలు అడిగింది: "తాతా, పోయిన సగం మళ్లీ ఎప్పుడు పెరుగుతుంది?"

గుబురన్న మనవరాలిని దగ్గరికి తీసుకున్నాడు.

"చెట్టయితే నాటేవాణ్ణే తల్లీ," అన్నాడు. "కొండను ఎలా నాటను?"

నీతి: కొంచెమే కదా అని హద్దు జరపకండి. తప్పు ఒప్పుకుని దిద్దుకోవచ్చు గానీ, పోయినవన్నీ తిరిగి రావు.