రాళ్ళ మీద బండి

ఆ తొమ్మిది రోజులూ మా తాత మీద వచ్చినంత కోపం, నేను చెయ్యి విరగ్గొట్టిన మా అన్న మీద కూడా ఏనాడూ రాలేదు.

తాతంటే సొంత తాత కాదు. పొదిలి దాటాక దర్శి రోడ్డు మీద చిన్న మఠం ఉంది. ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి బిగించిన మనిషి, ఒకరోజు పానాలు పక్కన పడేసి అక్కడ కూచున్నాడు. గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు. దారినపోయే వాళ్ళకి మధ్యాహ్నం అన్నం పెడతాడు. ఎవరన్నా ఏడుస్తా వస్తే వింటాడు. మా నలుగురు శిష్యుల్నీ కూచోబెట్టి ఒక్క మంచిమాట చెప్పిన పాపాన పోలేదు.

నేను నాలుగేళ్ళ కిందట ఆయన దగ్గరికొచ్చాను. అన్నకీ నాకూ కలిపి ఒక లారీ ఉండేది. ఒకరోజు మాటా మాటా పెరిగి జాకీ రాడ్డుతో కొట్టాను. అన్నకి కుడి మోచెయ్యి విరిగింది. అతుక్కుంది గానీ ఇక వంగదు. స్టీరింగు పట్టే చెయ్యి కాదది. లారీ అమ్మేశాం. నేను ఊళ్ళో తలెత్తుకోలేక మఠానికొచ్చి పడ్డాను.

"ముందు చెయ్యెత్తింది ఆయనే తాతా" అని వచ్చిన రోజే చెప్పాను. తాత ఊఁ అన్నాడు.

పోయినేడు ఎవరికీ చెప్పకుండా కనిగిరి పోయాను, అన్న కాళ్ళు పట్టుకుందామని. "తప్పైపోయిందన్నా, అయినా ముందు చెయ్యెత్తింది నువ్వే కదా" అన్నానో లేదో, ఆయన ఇంతెత్తున లేచాడు. నేనూ లేచాను. వదిన మధ్యలోకొచ్చి నన్ను బయటికి నెట్టి తలుపేసింది. ఈ ఏడు ఆమే కబురు చేసింది. "మీ అన్న కాస్త మెత్తబడ్డాడు. ఉగాదికి రా. ఈసారి కూడా గొడవ పెట్టుకుంటే మాత్రం, చచ్చినా బతికినా మా గడప తొక్కబాకు."

ఈసారి తాతకి చెప్పే పోదామనుకున్నాను. "పొమ్మంటావా?" అని అడిగాను.

మఠానికి ముందురోజే కొత్త పికప్పు వచ్చింది. బియ్యం మోసుకోడానికని రాయి క్వారీ ఆసామి ఒకాయన ఇచ్చాడు. టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, వెనక బంపరుకి పాత చెప్పు వేలాడగట్టి నిలబెట్టాం. తాత దాని తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇంజను కొత్తది. పిస్టను రింగులు సిలిండరు బోరుకి ఒరుసుకుని కుదురుకోవాలి. పదిహేను వందల కిలోమీటర్లు తోలుకురా. ఖాళీ బండి. అరవై దాటనియ్యబాకు. అట్టాగని ఒకే వేగాన పోబాకు, పెంచుతా తగ్గిస్తా ఉండు. ఊరికే నిలబెట్టి ఇంజను ఆడించబాకు, దానికి రోడ్డు తగలాలి. అయినాక అదే బండిలో మీ అన్న దగ్గరికి పో."

"ఉగాది ఇంక తొమ్మిది రోజులే ఉంది తాతా."

"చాల్లే."

ఒళ్ళు మండింది. ఇరవై ఏళ్ళు పన్నెండు టైర్ల లారీ తోలినోణ్ణి. రాతి దిమ్మెలేసుకుని నల్లమల ఘాటు దిగినోణ్ణి. నాకు చెప్తాడా బండి తోలడం! పైగా కొత్త ఇంజనుకీ మా అన్నకీ ఏం సంబంధం? అడిగితే చెప్పడు, అడక్కపోయినా చెప్పడు. ఏం మనిషో!

సరే, తోలాను. పొదిలి నుంచి దర్శి, దర్శి నుంచి అద్దంకి, మళ్ళీ వెనక్కి. ఖాళీ బండి, నలభై, యాభై, మళ్ళీ నలభై. ఏం చెప్పమంటారు ఆ అవమానం! బస్సు దాటిపోద్ది, ఆటో దాటిపోద్ది. వెనక లారీ వాడు హారను మీద చెయ్యి తియ్యడు. పాల క్యాన్లు కట్టిన మోపెడ్డు మీద ఒకామె నా పక్కకొచ్చి, లోపలికి తొంగిచూసి, "ఏమయ్యో, బండికేమన్నా నెలలు నిండినయ్యా?" అని నవ్వుకుంటా ముందుకు పోయింది. ఆడమనిషి కాబట్టి సరిపోయింది గానీ, మగాడైతే ఆ క్యాన్లు పొలంలో ఉండేవి.

నాలుగో రోజు ఒక టిప్పరు నా పక్కన నెమ్మదించింది. చూస్తే బ్రహ్మయ్య. నా లారీ మీద క్లీనరుగా చేసి, నా చేత మొట్టికాయలు తిని పని నేర్చుకున్నోడు.

"ఏందన్నా, తోలడం మర్చిపోయావా? దిగి నెట్టమంటావా?" అని అరిచి, నా మొహాన దుమ్ము కొట్టి పోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. తొక్కాను. ఎనభై, తొంభై, వంద. కొత్త ఇంజను కుయ్యోమంది. రైలుగేటు ముందు వాణ్ణి దాటి, తల బయట పెట్టి, వాడి ఏడు తరాల్నీ తిట్టాక గానీ కాలు తియ్యలేదు.

సాయంత్రం బండి పెట్టగానే తాత వచ్చి బానెట్ మీద చెయ్యేశాడు.

"ఎంతలో తోలావు?"

"యాభై."

"ఊఁ" అని చెయ్యి తీసేసి, అన్నం గుండిగలు కడగడానికి పోయాడు.

తిట్టాలనుంటే తిట్టొచ్చుగా! ఆ ఊఁ ఉంది చూశారూ, దాంతో నన్ను నాలుగేళ్ళు కాల్చుకు తిన్నాడు.

మీటరు చూస్తే ఆరు వందలు. ఇంకా తొమ్మిది వందలు ఆ రోడ్డు మీద, ఆ నవ్వుల మధ్య తిరగాలి. నావల్ల కాదనుకున్నాను.

మర్నాడు పొద్దున మామూలుగానే బయల్దేరి, మైలు దూరంలో మూతబడ్డ రాయి పాలిషు షెడ్డు ఉంటే అందులోకి తిప్పాను. జాకీ వేసి బండి వెనక భాగం లేపి, ఇరుసు కింద రెండు గ్రానైటు దిమ్మెలు పెట్టాను. వెనక చక్రాలు గాల్లో తేలినయ్. ఇంజను స్టార్టు చేసి, గేరేసి, యాక్సిలరేటరు మీద ఇటుక పెట్టాను. చక్రాలు తిరుగుతున్నయ్, వాటితోపాటు మీటరూ తిరుగుతోంది. పక్కన గోనెపట్టా పరుచుకుని పడుకున్నాను. ఆయనకి కావాల్సింది పదిహేను వందలు. మీటర్లో పదిహేను వందలు ఉంటే ఎవరొచ్చి చూస్తారు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

అట్టా నాలుగు రోజులు. ఉగాది ముందురోజు మధ్యాహ్నానికి మీటరు పద్నాలుగు వందల అరవై దాటింది. అప్పుడు షెడ్డు ముందు కొబ్బరిబోండాలమ్మే అతని మోపెడ్డు ఆగింది. వెనక నుంచి తాత దిగాడు. భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. ఎవరు చెప్పారో నాకు ఈనాటికీ తెలీదు.

గబుక్కున లేచి నిలబడ్డాను. తాత తిరిగే చక్రాల్ని చూశాడు, దిమ్మెల్ని చూశాడు. ఇప్పుడన్నా తిడతాడులే అనుకున్నాను. ఆయన తలుపు తీసి, పక్క సీట్లో కూచుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎక్కు. కనిగిరి పోదాం, మీ అన్న దగ్గరికి."

"తాతా, బండి దిమ్మెల మీద..."

"ఎక్కరా."

ఎక్కాను. ఇటుక తీసి కాలు పెట్టాను. ఎదురుగా షెడ్డు గోడ. తాత అద్దంలోంచి దాన్ని రోడ్డు చూసినట్టే చూస్తున్నాడు.

కాసేపయ్యాక అడిగాడు. "పొదిలి వచ్చిందా?"

నేను యాక్సిలరేటరు మీద కాలు అట్టాగే ఉంచాను.

ఇంకాసేపయ్యాక, "నెమ్మది. గొర్రెలు అడ్డమొస్తయ్ ఇక్కడ" అన్నాడు.

ఒళ్ళంతా కారం పూసినట్టుంది నాకు. ముప్పావుగంట అట్టాగే కూచోబెట్టాడు. మీటరు పదిహేను వందలు దాటింది.

"వచ్చేశాం" అన్నాడు తాత. "అదుగో మీ అన్న. చెప్పుకో."

"ఏం చెప్పేది?"

"చెప్పడానికొచ్చింది."

గోడకి చెప్పుకోమంటాడు! చెప్తే వదిలేస్తాడు కదా అని పళ్ళు కొరుక్కుంటా మొదలుపెట్టాను. "అన్నా, తప్పైపోయింది. కోపంలో కొట్టాను. ముందు చెయ్యెత్తింది నువ్వే అయినా..."

"ఇంకా షెడ్డులోనే ఉన్నాం" అన్నాడు తాత.

అంతే. ఇంజను ఆపి, స్టీరింగు మీద గుద్ది, అరిచాను.

"ఏం కావాలి నీకు? నాలుగేళ్ళు నీ గుండిగలు తోమాను, నీ బియ్యం మోశాను. నలుగురూ నవ్వేట్టు ఖాళీ బండిచ్చి రోడ్డు మీద తిప్పావు. కాళ్ళు పట్టుకుంటానంటే ఆ పట్టుకునేది కూడా పట్టుకోనియ్యవు! మా అన్నేమన్నా దేవుడా? రాత్రీ పగలూ తోలేది నేను, పేరు ఆయనది. ఎవరు కనపడినా 'మావాడికి తోలడం రాదు' అనేవాడు. ఆ రోజు టైరు మారుస్తా కూడా అదే మాట! వంగి బోల్టు తిప్పుకుంటా, నా వంక కనీసం చూడకుండా అదే మాట! చూడకుండా అంటావా అని రాడ్డెత్తి వెనక నుంచి..."

అప్పుడు వినపడింది నాకు, నేనేమన్నానో.

తాత నా వంక తిరగలేదు. గోడనే చూస్తున్నాడు. బయట మోపెడ్డతను బోండం కొడుతున్న చప్పుడు వినపడుతోంది.

"ఆయన చెయ్యెత్తలేదు తాతా" అన్నాను. "వంగి ఉన్నాడు. నేనే వెనక నుంచి కొట్టాను. ఊరంతటికీ ఆయనే ముందు మీదికొచ్చాడని చెప్పాను."

తాత ఒళ్ళో సంచి తీసి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"దిమ్మెలు తియ్యి" అన్నాడు.

తీశాను. జాకీ రెండుసార్లు జారింది. రోడ్డెక్కాక అడిగాను. "నాలుగు రోజులు గాల్లో తిరిగింది కదా, ఇంజను పాడైందా?"

"నీలం పొగ చూశా, ఆయిలు కాలుతోంది. ఎత్తూ పల్లం తగలక బోరు నున్నబడింది, రింగు కుదర్లేదు. ఇంకా కొత్తదేలే. తోలు."

కనిగిరి దాకా మళ్ళీ నలభై, యాభై. దారి పొడుగునా దాటిపోతానే ఉన్నారు. ఆ హారన్లు నాకు వినపడలేదంటే అబద్ధం. అన్నీ వినపడినయ్. ప్రతిదానికీ ఒళ్ళు మండింది. పక్కకి తీసి దారిచ్చాను.

పొద్దుగూకే వేళకి చేరాం. అన్న గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. కుడిచెయ్యి వంగదు కదా, ఎడం చేత్తో దారం తిప్పి, ముడి బిగించడానికి పళ్ళతో పట్టుకున్నాడు. నన్ను చూసి దారం వదిలేశాడు. ఆకులన్నీ కింద పడినయ్.

"వచ్చావా? ఏం, ఈసారి కూడా ముందు చెయ్యెత్తింది నేనేనని చెప్పడానికొచ్చావా?"

వదిన తలుపు పట్టుకుని నిలబడింది. నాకు కోపం గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. దాంతోనే చెప్పాను.

"నువ్వు చెయ్యెత్తలేదన్నా. వంగి బోల్టు తిప్పుకుంటున్నావు. నేనే వెనక నుంచి కొట్టాను. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను."

అన్న మొహం కందగడ్డ అయింది.

"గట్టిగా చెప్పరా" అన్నాడు. "ఎదురింటోళ్ళకి వినపడలేదు."

తాత ఏమన్నా అంటాడేమోనని వెనక్కి చూశాను. ఆయన బండి దిగలేదు. ఇటు చూడనూ లేదు.

వీధి మధ్యకి నడిచి మళ్ళీ చెప్పాను, గట్టిగా.