మరిచిపోనివ్వని ఫోను

పిల్లలూ, అడిగినప్పుడల్లా "మరిచిపోయాను" అనే పెద్దమనిషి చేత పని ఎలా చేయించాలో చెప్పండి చూద్దాం?

ఒక ఊళ్లో అప్పలసూరి కొండమీది నీళ్ల ట్యాంకుకు కాపలాదారు. పలకరించే మనిషి లేక మోటారుతోనే కబుర్లు చెప్పుకునేవాడు. కింద ఊళ్లో పనికి మార్చమంటే ప్రెసిడెంటు పద్మనాభం ప్రతిసారీ, "అయ్యో, మరిచిపోయానోయ్!" అనేవాడు.

ఆ ఊరికి మొదటి టచ్ ఫోను ఆయనే కొన్నాడు. "ఇది ఏదీ మరిచిపోదు. చెప్పిన వేళకు నా గొంతుతోనే గుర్తుచేస్తుంది," అని పదిమందిలో గొప్పలు పోయాడు.

"నేన్నమ్మను బాబూ. నా సంగతి చెప్పి చూడండి. రేపు గ్రామసభలో మోగితే అందరం వింటాం," అన్నాడు అప్పలసూరి.

ఆయన రోషంగా, "సూరిని కొండ దించాలి," అని ఫోనులో పలికి, వేళ పెట్టాడు.

మర్నాడు నిండు సభలో ఫోను అదే మాట అరిచింది. పెట్టడం నేర్చాడు గానీ ఆపడం ఇంకా నేర్వలేదాయన! ఎక్కడ నొక్కినా మళ్లీ అరిచింది. జనం ఒకటే నవ్వు.

"ఎవరైనా ఆపండ్రా!"

"ఆపితే మళ్లీ మరిచిపోతారు బాబూ," అన్నాడు అప్పలసూరి.

అక్కడికక్కడే ప్రెసిడెంటు అతన్ని బడి కాపలాకు మార్చేశాడు.

ఆ సాయంత్రం బడి పక్కింటామె, "అన్నం తిన్నావా అన్నా?" అని అడిగింది. అలా అడిగేవాళ్లు లేక ఎన్నేళ్లయిందో, అప్పలసూరి ఆమె అరుగు మీద చేరి చీకటి పడేదాకా కబుర్లు చెప్పాడు.

సరే, చిక్కుడుకాయలు సగంలో వదిలేసి వచ్చాను. ఈనెలు తీయాలి, వెళ్తాను.