వెనక కారుకు బ్రేకు

తాను ఒక్క సైగ చేస్తే చాలు, పనులన్నీ వాటంతట అవే జరిగిపోతాయని నమ్మే సూర్యలింగం అనే ఇంద్రజాలికుడు నర్సీపట్నంలో ఉండేవాడు. ఆ నమ్మకం ఊరికే రాలేదులెండి. వేదిక మీద అతను కనుబొమ్మ ఎగరేస్తే భార్య నూకరత్నం పెట్టెలో మాయమయ్యేది. వేలు కదిపితే పావురాన్ని అందించేది. పదహారేళ్ళలో ఆమె ఒక్క సైగ కూడా తప్పలేదు. చప్పట్లన్నీ మాత్రం అతనికే పడేవి.

పాత బస్సే వాళ్ళ ఇల్లు. సీట్లు పీకేసి మంచం, స్టవ్వు, ఆట సామాను పెట్టుకున్నారు. ఏ ఊరు వెళ్ళినా బస్సును మైదానంలో నిలిపి, మైకు కట్టిన పాత అంబాసిడర్ కారులో చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి తమ ఆట గురించి చాటేవారు. నూకరత్నానికి డ్రైవింగు రాదు. అందుకని ప్రయాణాల్లో కారును ఇనప కడ్డీతో బస్సు వెనక తగిలించి లాక్కుపోయేవాడు సూర్యలింగం.

ఒకసారి పాడేరు జాతరలో ఆట ఆడమని పిలుపు వచ్చింది. అది కొండ మీది ఊరు. మెకానిక్ జిలానీ బస్సంతా చూసి, ఎక్కడం వరకు పరవాలేదు గానీ దిగేటప్పుడు కారు బరువంతా బస్సును వెనకనుంచి నెడుతుందని చెప్పాడు. బస్సు బ్రేకు తొక్కగానే కారు బ్రేకు కూడా దానంతటదే పడేలా ఒక అమరిక బిగిస్తాను, రెండు రోజులు ఆగమన్నాడు. సూర్యలింగం రెండు నిమిషాలు కూడా ఎవరికోసమూ ఆగే రకం కాదు.

"నూకరత్నం కారులో కూర్చుంటుంది. నేను ఒక హారన్ కొడితే బ్రేకు తొక్కుతుంది, రెండు కొడితే వదులుతుంది. ఇంతకన్నా మంచి బ్రేకు నువ్వు చెయ్యగలవా?" అన్నాడు.

నూకరత్నం మెల్లిగా అడిగింది. "ఏమండీ, ఘాట్‌లో మలుపు మలుపుకీ హారన్ కొడతారు కదా. ఎదురు బండికి కొట్టిందేదో, నాకు కొట్టిందేదో నాకెలా తెలుస్తుంది?"

చిన్నపిల్లలకైనా తట్టే ప్రశ్న. మన ఘనుడికి మాత్రం నవ్వొచ్చింది. ఇన్నేళ్ళుగా తన సైగలు అందుకున్న మనిషికి అదే తెలుస్తుందిలెమ్మని ఆ మాటను గాలికి వదిలేశాడు.

కొండ ఎక్కారు. ఆట బాగా జరిగింది. మూడో రోజు ఉదయం దిగడం మొదలుపెట్టారు. నూకరత్నం వెనక కారులో స్టీరింగు ముందు కూర్చుంది. బస్సు వెనక అద్దానికి సామాను అడ్డం. ఆమెకు భర్త కనిపించడు, అతనికి ఆమె కనిపించదు. ఇద్దరి మధ్యా ఉన్నది హారన్ ఒక్కటే.

మొదటి మలుపులో ఒక హారన్ మోగింది. నూకరత్నం బ్రేకు తొక్కింది. వదలమనే రెండు హారన్ల కోసం చెవులు రిక్కించి కూర్చుంది. అవి రాలేదు. రెండో మలుపులో మళ్ళీ ఒకటే మోగింది. మూడో మలుపులోనూ అంతే. వదలమనలేదు కాబట్టి ఆమె వదల్లేదు. కాలు లాగేస్తుంటే ఎడమ కాలు కూడా కలిపి తొక్కింది. వదిలితే ఏమవుతుందో, వదలకపోతే ఏమవుతుందో తెలియక లోలోపల హడలిపోతోంది.

ముందున్న మహానుభావుడు ఎదురు బండ్ల కోసం హారన్ కొట్టుకుంటూ పోతున్నాడు. రెండు కొట్టాలన్న సంగతే మరిచిపోయాడు. బండి నిమ్మళంగా దిగుతోందని మురిసిపోయి గేరు కూడా పెంచాడు. తన బస్సును పట్టి ఆపుతున్నవి భార్య కాళ్ళని అతనికి తట్టనే లేదు.

ఏడో మలుపు దాటాక కారులో కాలిన వాసన వచ్చింది. చక్రాల దగ్గర పొగ లేచింది. ఎంత తొక్కినా బ్రేకు పట్టడం మానేసింది. ఆగమని చెప్పడానికి ఆమె దగ్గర ఉన్నదీ హారనే. దాని మీద చెయ్యి పెట్టి ఆపకుండా మోగించింది.

సూర్యలింగం విన్నాడు. వెనక ఎవరికో తొందరగా ఉందనుకున్నాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటి వెళ్ళమని ఊపాడు.

ఆ చెయ్యి నూకరత్నానికి కనిపించింది. వేదిక మీద వేలసార్లు చూసిన చెయ్యే. ఈసారి దాని అర్థం ఆమెకు అందలేదు. ఇక తన పని అయిపోయిందనుకుంది.

అంతలో కారు బరువు బస్సును నెట్టసాగింది. బస్సు పరుగందుకుంది. సూర్యలింగం బ్రేకు తొక్కాడు. అయినా బస్సు ఆగేలా లేదు. ఎదురుగా మలుపు, దాని అవతల లోయ. బస్సును ఎడమవైపు కొండకేసి తిప్పాడు. పక్క రేకంతా చీల్చుకుంటూ, రాతి గట్టుకు రాసుకుంటూ బస్సు ఆగింది. కారు మాత్రం ఆగలేదు. కడ్డీ మెలితిరిగి, కారు రోడ్డుకు అడ్డం తిరిగి లోయవైపు జారింది. వెనక చక్రం ఒకటి రోడ్డు అంచు దాటి గాలిలో వేలాడింది. కడ్డీ ఊడలేదు కాబట్టి సరిపోయింది.

సూర్యలింగం పడుతూ లేస్తూ పరుగెత్తాడు. నూకరత్నం బతికే ఉంది. స్టీరింగును గట్టిగా పట్టుకుని, రెండు కాళ్ళతో బ్రేకును ఇంకా తొక్కిపెట్టే ఉంది. అతను ముందు చక్రాల కింద రాళ్ళు పెట్టి, దిగమన్నాడు. ఆమె కదల్లేదు.

"రెండు హారన్లు కొట్టలేదు కదండీ" అంది.

దెప్పడానికి అనలేదు ఆ మాట. నిజంగానే ఎదురుచూస్తోంది. సూర్యలింగం భోరున ఏడ్చాడు. తలుపు తీసి, రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని, బిగుసుకుపోయిన ఆమె కాళ్ళను ఒక్కొక్కటిగా తన చేతులతో బ్రేకు మీదినుంచి తీశాడు.

దారిన పోయే లారీవాళ్ళు సాయం చేసి కారును ఇవతలికి లాగారు. బస్సును రోడ్డు వారగా నిలిపి జిలానీకి కబురు పెట్టారు. అతను వచ్చి ఆ అమరిక బిగించేసరికి నాలుగు రోజులు పట్టింది. సూర్యలింగం ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. ఆ తర్వాత నూకరత్నం ఎప్పుడూ బస్సులోనే, అతని పక్కనే కూర్చునేది. అయినా మలుపులో హారన్ మోగితే చాలు, ఆమె కాళ్ళు వాటంతట అవే నేలను తొక్కేవి. అది చూసినప్పుడల్లా సూర్యలింగం తల దించుకునేవాడు.

వెనక వచ్చేవాళ్ళ క్షేమం ముందు నడిచేవాడి బాధ్యత; ఆ భారాన్ని వాళ్ళ మీదే మోపి, సైగ చేశాను కదా అని నిశ్చింతగా ఉండకూడదు.