పొట్లకాయను పెంచిన దొర

చింతలగిరి మహారాజుగారికి ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. తన పట్టపుటేనుగు పక్కన నడవడానికి వేటకుక్క ఒకటి కావాలి. అదీ ఆవుదూడంత ఉండాలి.

ఆ కబురు విని ఓడ వర్తకులు సముద్రం అవతలి నుంచి ఒక కుక్కను తెచ్చి కొలువులో వదిలారు. దానికి నడుము బారెడు, కాళ్లు బెత్తెడు. చెవులు నేలను ఊడుస్తున్నాయి. తెర వెనక నుంచి చూసిన మహారాణిగారు పకపకా నవ్వి "అయ్యో, పొట్లకాయ!" అన్నారు. ఆ పేరే ఖాయమైపోయింది.

వర్తకుల భాషలో 'వేటకుక్క' అన్న ముక్క తప్ప ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. రాజుగారు మాత్రం తలపంకించి తేల్చేశారు.

"ఇది ఇంకా కూన. బాగా మేపితే ఎదుగుతుంది."

ఇక ఎదిగి తీరాల్సిందే! ఆ కొలువులో రాజుగారి మాటకు 'కాదు' అన్నవాడికి సగం మీసం గొరిగించడం ఆచారం. ఆ పని కోసమే ఆస్థాన మంగలి ఓ మూల కత్తి నూరుకుంటూ కూర్చునేవాడు. పోయినేడు మంత్రిగారు సగం మీసంతో ఇంటికెళితే, వాళ్లావిడ ఎవరో అనుకుని తలుపేసుకుందట.

వేటల అధికారి భూపతిదొర చటుక్కున ముందుకొచ్చాడు. మనిషి పొట్టి. ఆ లోటు పూడ్చుకోవడానికి తలపాగా మాత్రం గోపురమంత చుట్టేవాడు.

"చిత్తం మహాప్రభూ! నాకప్పగించండి. పూటపూటా నేతిఅన్నం, బెల్లం, మాంసం పెడతాను. కాళ్లు సాగడానికి గద్దె మీద నుంచి దూకిస్తాను. దసరాకల్లా దూడంత చేస్తాను."

రాజుగారికి తాంబూలం చుట్టి ఆకుమడుపులు అందించే నారప్పకు ఈ మాటలు విని గుండె జారింది. కుక్క మూతి మీద నెరిసిన వెంట్రుకలు అతను అప్పటికే చూశాడు. మూతి నెరిసిన కూన ఏ లోకంలో ఉంటుంది? ఇది ఎదిగిన కుక్కే, దాని జాతి కొలతే అంత. ఆ మాట పెదవి దాకా వచ్చింది. ఇంతలో మంగలి తన మీసం వైపే ఆశగా చూస్తూ కనిపించాడు. నారప్ప మీసం దువ్వుకుని నోరు మూసుకున్నాడు.

పొట్లకాయ మహా మొండిది. రమ్మంటే ఓసారి చూసి అటు పోయేది. వాసన తగిలిందా, రాణిగారి మల్లెపాదులన్నీ తవ్వేసేది. మొరిగితే ఏనుగు ఉలిక్కిపడేది. చలేస్తే మటుకు నేరుగా వచ్చి నారప్ప ఉత్తరీయంలో దూరి పడుకునేది. పిల్లాజెల్లా లేని నారప్పకు అదంటే ప్రాణమైపోయింది.

దొరగారి మేపుడుకి దాని పొట్ట నేలకు రాసుకోసాగింది. గద్దె మీద నుంచి దూకించినప్పుడల్లా కుయ్యిమనేది. ఒకరోజు అది నారప్పను చూసి తోకాడించింది గానీ లేవలేకపోయింది. వెనక కాళ్లు వణుకుతున్నాయి. నారప్ప ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి దాన్ని జాగ్రత్తగా ఎత్తుకున్నాడు. అంత పొడుగు నడుము ఇంకొన్ని దూకుళ్లకు విరిగిపోతుందని తెలిసి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు కొలువులో నారప్ప చేతులు జోడించాడు.

"ప్రభూ, దొరగారి వైద్యం ఇంత గొప్పదైతే కుక్కతోనే ఎందుకు ఆపాలి? మేపి దూకిస్తే దొరగారు కూడా తమ ఏనుగు పక్కన నిలబడేంత అవుతారు కదా! అంతవరకూ పొట్లకాయ తిండి ఆయనకే పెట్టిద్దాం. అది కాస్త విశ్రాంతి తీసుకుంటుంది."

"భేష్!" అని రాజుగారు తొడ చరిచారు. "భూపతీ, నువ్వూ ఎదుగుతావు!"

రాజుగారు అన్నాక ఇంకేముంది? భూపతిదొర మీసం తడుముకుని 'చిత్తం' అన్నాడు. పూటపూటా గంగాళాలు దిగాయి. నెయ్యి గడ్డానికి కారింది. తిన్నాక గద్దె ఎక్కి దూకడం. మొదట తలపాగా ఎగిరిపోయింది. తర్వాత నడికట్టు తెగింది. చివరికి ఆయన దూకితే స్తంభాలు అదిరేవి.

కొన్నాళ్లకు రాజుగారు ఆయన్ని స్తంభానికి ఆనించి కొలిపించారు. ఎత్తు ఆవగింజంత కూడా పెరగలేదు.

"తిండి చాల్లేదు. రెట్టింపు చేయండి!" అన్నారు రాజుగారు. "గద్దె కూడా ఎత్తు పెంచండి. తప్పకుండా ఎదుగుతాడు."

అంతే, దొరగారి ఓర్పు కట్టలు తెగింది.

"కాదు మహాప్రభో, కాదు! నేనేమన్నా కూననా? ఎదిగిపోయిన ఒళ్లిది. ఎంత మేపినా అడ్డంగా పెరుగుతుందే తప్ప నిలువుగా పెరగదు. దూకి దూకి నా నడుం పడిపోయింది బాబోయ్!"

మంగలి సంబరంగా లేచాడు. రాజుగారి ముఖం కందగడ్డ అయింది.

నారప్ప ముందుకొచ్చాడు.

"ప్రభువులు మన్నించాలి. పొట్లకాయ ఇన్నాళ్లూ మొరుగుతున్నది ఈ మాటే. దొరగారు దాన్ని తెలుగులో చెప్పారంతే!"

రాజుగారు కుక్క వైపు చూశారు. మొదటిసారి దాని నెరిసిన మూతిని చూశారు.

"అయితే కాదన్నది నువ్వా, కుక్కా?" అని దొరను అడిగారు.

"కుక్కే ప్రభూ, కుక్కే!" అన్నాడు దొర నడుం పట్టుకుని.

"మరి కుక్కకు ఏ పక్క మీసం గొరగమంటారు?" అన్నాడు మంగలి అయోమయంగా.

ముందుగా తెర వెనక రాణిగారు పడీపడీ నవ్వారు. ఆ వెంటనే రాజుగారు, ఆపైన కొలువంతా.

"నారప్పా, ఇకమీదట దీని పెంపకం నీది. ఏం కావాలో అడుగు."

"దానికి పిడికెడు అన్నం, మెత్తటి దుప్పటి, మెట్లున్న చోటల్లా ఏటవాలు బల్ల ప్రభూ."

"నీకేం కావాలోయ్ అంటే?"

"ఆ దుప్పటిలో నాకూ కాస్త చోటు."

రాజుగారు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, చేతి బంగారు కడియం తీసి నారప్పకు తొడిగారు. ఆ తర్వాత రెండు చేతులూ చాచి, నారప్ప చూపించినట్టే ఒకటి రొమ్ము కింద, ఒకటి పిరుదుల కింద పెట్టి, పొట్లకాయను జాగ్రత్తగా ఎత్తి అతని ఒళ్లో పెట్టారు.